కుక్కపిల్ల కొనే ముందు దాని తాతముత్తాతల వృత్తి కనుక్కోండి

పరీక్షలు దగ్గరపడే కొద్దీ చాలా ఇళ్లలో ఒక బేరం మొదలవుతుంది: "మంచి మార్కులొస్తే కుక్కపిల్ల కొనిపెట్టాలి!" మాట ఇచ్చేశాక మనం చేసేది ఫోన్‌లో ఫొటోలు చూడటం. కళ్లు నీలంగా ఉన్నాయనో, బొచ్చు ముద్దుగా ఉందనో ఒకదాన్ని ఖాయం చేస్తాం. కానీ మనకు కనిపించే జాతుల్లో చాలావాటిని మనుషులు తరతరాలుగా ఒక్కో పని కోసం ఎంచి పెంచారు. ఆ పని ఇప్పుడు లేదు. దాని మీద ఉబలాటం మాత్రం ఆ కుక్కలో అలాగే ఉంది.

నీలికళ్ల సైబీరియన్ హస్కీనే తీసుకోండి. ఈశాన్య సైబీరియాలో చుక్చీ ప్రజలు మంచు మీద బండ్లు లాగడానికి పెంచిన కుక్క అది. 1925లో అలాస్కాలోని నోమ్ పట్టణంలో డిఫ్తీరియా వ్యాపిస్తే, ఇలాంటి బండి కుక్కల జట్లే ఒకదాని తర్వాత ఒకటి అందుకుంటూ 1,000 కిలోమీటర్లకు పైగా మందును మోసుకెళ్లాయి, అదీ ఐదున్నర రోజుల్లో. రెండు పొరల బొచ్చున్న అలాంటి కుక్కను మే నెలలో విజయవాడ ఫ్లాట్‌లో కట్టేస్తే అది సోఫా చింపక ఏం చేస్తుంది? మా సలహా అడిగితే, మన ఎండలకు హస్కీ వద్దు.

మందలు కాసే కుక్కలది ఇంకో కథ. బోర్డర్ కోలీ ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దుల్లో గొర్రెలు కాసింది. జర్మన్ షెపర్డ్ పేరులోనే కాపరి ఉన్నాడు. 1899లో మాక్స్ వాన్ స్టెఫానిట్జ్ అనే మాజీ సైనికాధికారి ఆ జాతికి రూపం ఇచ్చారు. పిల్లలు అరుస్తూ పరిగెడితే ఈ కుక్కలు చుట్టూ తిరిగి, మడమల దగ్గర నోరు పెట్టవచ్చు. దాని లెక్కలో అది మందను మళ్లించడం. అయినా ఐదేళ్ల పాపకు పన్ను పన్నే కదా! శిక్షణ ఇచ్చే ఓపిక ఉంటేనే తెచ్చుకోండి.

లాబ్రడార్ పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలరులకు సాయం చేసేవి, జారిపోయిన చేపల్ని నోటితో పట్టి తెచ్చేవి. మీ అబ్బాయి సాక్సులు మాయమయ్యేది అందుకే. స్నేహంగా ఉంటుంది, తిండిపోతు కూడా. బీగిల్ వాసన పట్టి కుందేళ్లను వేటాడింది. వెనకాల వచ్చే వేటగాడికి వినబడాలని గట్టిగా అరిచేది. అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు ఈ చరిత్ర చెప్పినా ఒప్పుకోరు. పగ్ చైనా రాజభవనాల్లో ఒడిలో పెరిగింది కాబట్టి ఇంట్లో ఇమిడిపోతుంది, కానీ చప్పిడి ముక్కుతో ఎండలో ఊపిరాడక అవస్థపడుతుంది.

మన దగ్గరా ఉన్నాయి. కొల్లేరు ప్రాంతంలో బాతుల మందలు కాసిన జొనంగి, కర్ణాటక ముధోల్, తమిళనాడు రాజపాళయం. మన వాతావరణం వీటికి కొత్త కాదు. అయితే ముధోల్ పరుగెత్తి వేటాడే కుక్క. పరిగెత్తే చోటు లేకపోతే దానికీ బాధే. వీధికుక్క పిల్లను దత్తత తీసుకోవడం కూడా మంచి ఆలోచనే.

జాతి పేరు చూసి అంతా తెలిసిపోయిందనుకోకండి. 18 వేలకు పైగా కుక్కలను పరిశీలించి 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో, ఒక కుక్కకూ మరో కుక్కకూ ప్రవర్తనలో ఉన్న తేడాల్లో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమేనని తేలింది. అందుకే కొనే చోట తల్లి కుక్కనూ చూడండి. కొత్తవాళ్లను చూసి బెదురుతోందా, దగ్గరికి వస్తోందా గమనించండి.

ఏ జాతి అయినా పశువైద్యుడు చెప్పిన వేళకు రేబిస్ టీకా వేయించండి. తింటున్న, నిద్రపోతున్న కుక్కను కదపకూడదని పిల్లలకు నేర్పండి. చిన్న గీత పడినా సబ్బుతో, ధారగా పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, వెంటనే డాక్టరుకు చూపించండి. తిడతారని పిల్లలు గాయం దాచిపెడతారు, కాబట్టి తిట్టబోమని ముందే చెప్పి ఉంచండి.