రైలెక్కి సరిహద్దు దాటిన గుంటూరు మిర్చి

మీరు యార్డుకు తోలిన టిక్కీ చివరికి ఎక్కడికి పోతుందో ఎప్పుడైనా ఆరా తీశారా? గుంటూరు ఎండుమిర్చి కొనే దేశాల్లో బంగ్లాదేశ్ ఒకటి. మన సరుకు అక్కడికి లారీల మీద పోయేది, టన్నుకు కిరాయి సుమారు 7,000 రూపాయలు పడేది. 2020లో కరోనా లాక్‌డౌన్‌తో ఆ దారి దెబ్బతింది.

గూడ్సు రైలు ఉంది కదా అంటారేమో. ఉంది గానీ, ఒక్క ట్రిప్పుకు 1,500 టన్నులకు పైగా పోగేయాలి. చిన్న వ్యాపారికే అది తలకు మించిన పని, ఇక ఎకరం రెండెకరాల వాళ్ల సంగతి చెప్పేదేముంది! అందుకని రైల్వే వాళ్లు 500 టన్నుల లోపు సరుకుకు ప్రత్యేక పార్సిల్ రైలు వేశారు. 2020 జూలైలో గుంటూరు జిల్లా రెడ్డిపాలెం నుంచి 16 పార్సిల్ పెట్టెల్లో 384 టన్నుల మిర్చి బంగ్లాదేశ్‌లోని బెనాపోల్‌కు బయల్దేరింది. మన పార్సిల్ రైలు దేశం దాటడం అదే మొదలు. పెట్రాపోల్-బెనాపోల్ రైలుదారి చాలాకాలం మూతపడి, 2001లో గూడ్సు బళ్లకు మళ్లీ తెరుచుకున్నదే.

2020లో ఆ రైలు ఖర్చు టన్నుకు 4,608 రూపాయలు పడింది. లెక్క వేయండి, క్వింటాలుకు 239 రూపాయలు మిగులు. అది ఎవరి జేబులోకి? ఇక్కడే ఉంది పేచీ. రైలు పెట్టె మాట్లాడుకునేది వ్యాపారి. ఎవరికి వారు ఇరవై టిక్కీలు కమీషన్ కొట్లో దించి వస్తే ఆ 239లో వాటా అడిగే దిక్కుండదు. పదిమంది కలిసి, తాలుకాయలు ఏరేసి, తేమ లేకుండా ఎండబెట్టి, ఒకే రకం సరుకును ఒక్క లాటుగా పెడితే బేరంలో కాస్త పట్టు దొరుకుతుంది. ఈసారి యార్డుకు వెళ్లినప్పుడు "సరుకు ఏ దేశానికి, ఏ దారిన పోతోంది?" అని కొట్లో అడిగి చూడండి.