ఎసరు పెట్టే వేళ... గుప్పెడు స్తోత్రం

పెళ్లయి కోట్‌పల్లిలో అడుగుపెట్టిన మొదటి వారం. పొయ్యి మీద ఎసరు పెట్టి బియ్యం కడగబోతుంటే అత్తమ్మ ఆపింది. చేటలోంచి ఒక గుప్పెడు తీసి, గూట్లో ఉన్న పాత డాల్డా డబ్బాలో పోసింది. పెదాలు కొంచెం కదిలాయి. అంతే.

"ఎందుకత్తమ్మా?" అని అడిగాను.

"దేవునికి స్తోత్రం చెప్పినం గద బిడ్డా. ఇగ కడుగు" అంది.

మా పుట్టింట్లోనూ కుటుంబ ప్రార్థన ఉండేది. పొద్దున్నా రాత్రీ మోకరించేవాళ్లం. అయితే అక్కడ కృతజ్ఞత అంటే నోటితో చెప్పేదే. 'కాచి కాపాడినందుకు వందనాలు' అని రోజూ అవే మాటలు. సగం నిద్రలో ఉన్నా తప్పు లేకుండా చెప్పేసేదాన్ని! బియ్యంతో చెప్పే కృతజ్ఞత ఒకటుందని అత్తగారింటికి వచ్చాకే తెలిసింది.

ఈ 'పిడికెడు బియ్యం' మా అత్తమ్మ కనిపెట్టిందేమీ కాదు. మన తెలుగు సంఘాల్లో చాలామంది ఆడవాళ్లకు తెలిసిన అలవాటే. వండే ప్రతిసారీ గుప్పెడు పక్కన పెడతారు. డబ్బా నిండాక చర్చికి తీసుకెళ్తారు. అక్కడి నుంచి అది లేనివాళ్ల ఇంటికి చేరుతుంది, లేదా సంఘం పనికి ఉపయోగపడుతుంది. ఎక్కడో ఈశాన్యాన ఉన్న మిజోరాంలోనూ ఇదే పద్ధతి ఉంది. అక్కడి క్రైస్తవ స్త్రీలు 1910లో మొదలుపెట్టిన ఈ గుప్పెడు బియ్యపు కానుక నేటికీ ఆగలేదు. చేతిలో సొంత డబ్బు ఆడని ఆడవాళ్లు, తమ చేతికి అందే బియ్యంతోనే మొదలుపెట్టారు. ఇప్పుడు ఆ గుప్పెళ్లన్నీ కలిసి ఏటా కోట్ల రూపాయలవుతున్నాయి.

స్తోత్రం నోట రాని రోజు

మూడో ఏడు నాకు ఏడో నెలలో కడుపు పోయింది. ఇంటికి తెచ్చి పడుకోబెట్టారు. పరామర్శకు వచ్చినవాళ్లలో ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "ఏది జరిగినా మన మేలుకేనమ్మా. దేవునికి స్తోత్రం చెప్పు" అంది. ఆమె మనసు మంచిదే. కానీ ఆ మాట నాకు పుండు మీద కారమే అయింది. గోడవైపు తిరిగి పడుకున్నాను.

తర్వాత చాలా రోజులు ప్రార్థన చెయ్యలేదు. వంటింట్లోకి వెళ్లినా గుప్పెడు తియ్యలేదు. అత్తమ్మ చూసింది కానీ ఏమీ అనలేదు. నా వంతు కూడా తనే తీసి పోసేది. ఒకరోజు మాత్రం నా పక్కన కూర్చుని ఇలా అంది:

"ఏడ్పొస్తే ఏడువు బిడ్డా. ఆయన మీద కోపమొస్తే ఆయనకే చెప్పు. స్తోత్రం నోటికి రాకుంటే రాకపాయె. గని మనకంటె ఆకలిగున్నోళ్లుంటరు. ఆ గుప్పెడు మాత్రం ఆపకు."

మర్నాడు తీశాను. మనసులో కృతజ్ఞత ఏమీ లేదు, చెయ్యి మాత్రం కదిలింది. నోటితో స్తోత్రం చెప్పడానికి ఇంకా కొన్ని నెలలు పట్టింది.

అప్పుడే బైబిలును కొత్తగా చదవడం మొదలుపెట్టాను. 'ప్రతి విషయంలోనూ కృతజ్ఞత' అని పౌలు రాసింది చూపించి చాలామంది ఏడ్చేవాళ్ల నోరు మూయిస్తుంటారు. నాకు అర్థమైనంతవరకు, కష్టంలో ఉండి స్తోత్రం చెప్పడం వేరు, కష్టానికే స్తోత్రం చెప్పడం వేరు. లాజరు సమాధి దగ్గర యేసు ఏం చేశాడు? మొదట కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఆ సమాధి దగ్గరే తండ్రికి కృతజ్ఞత చెప్పాడు. ఆ రెండింటికీ ఆయన దగ్గర చోటుంది. 88వ కీర్తన చూడండి, మొదలు నుంచి చివరిదాకా చీకటే. అది కూడా ప్రార్థనే. దాన్ని ఎవరూ బైబిల్లోంచి తీసెయ్యలేదు.

ఆనాటిది ఆనాడే

లేవీయకాండం ఏడో అధ్యాయంలో ఒక నియమం ఉంది. కృతజ్ఞత కోసం అర్పించిన బలిమాంసాన్ని ఆ రోజే తినాలి, తెల్లారేదాకా మిగల్చకూడదు. ఒక్క ఇంటివాళ్లు అంతా తినగలరా? నలుగురినీ పిలవాల్సిందే! కృతజ్ఞత దాచుకునేది కాదని, పంచుకునేదని నాకు అందులో కనిపించింది. నిన్నటి స్తోత్రం ఇవాళ్టికి చాలదు.

మా ప్రాంతంలో ఇది కళ్లారా చూస్తాం. ఇక్కడికి దగ్గరలోని ధారూరులో ఏటా నవంబరులో మెథడిస్టు క్రైస్తవ జాతర జరుగుతుంది. లక్షల మంది వస్తారు. గుడారాలు వేసుకుని, అక్కడే వండుకుని తింటూ రోజుల తరబడి ఉంటారు. కోతపండుగ రోజైతే చర్చి ముందు చూడాలి! గుమ్మడికాయలు, కోళ్లు, జొన్నలు, కందులు. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిపప్పు అంటే మాకు ఎంత గర్వమో చెప్పలేను. కానుకలను వేలం వేస్తుంటే నవ్వులే నవ్వులు. అయితే పంట సరిగా రాని ఏడు కూడా కోతపండుగ మానరు. తెచ్చేది చిన్న మూటే అయినా తెస్తారు.

మీరూ మొదలుపెట్టాలంటే...

పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. రోజూ చేసే పనికి ముడిపెట్టండి. ఎసరు పెట్టేటప్పుడో, దీపం వేసేటప్పుడో, పిల్లల్ని బడికి పంపి తలుపు వేసుకునేటప్పుడో.

'అన్నిటికీ వందనాలు' అని దాటెయ్యకుండా, ఇవాళ్టిది ఒక్కటి పేరు పెట్టి చెప్పండి. నల్లా నీళ్లు వచ్చాయి, బాబుకు జ్వరం తగ్గింది, పక్కింటి వదిన కూర పంపింది.

మనుషుల్ని మరవకండి. పదిమంది కుష్ఠరోగులు బాగుపడితే, తిరిగొచ్చి కృతజ్ఞత చెప్పింది ఒక్కడే. ఇంట్లో గిన్నెలు తోమిపెట్టే అమ్మాయికి మనం ఎన్నిసార్లు చెప్పాం? దేవునికి గంటసేపు స్తోత్రం చెప్పి, ఆమె మీద కేకలేస్తే అది ఏం స్తోత్రం?

దుఃఖంలో ఉన్నవాళ్ల దగ్గర 'స్తోత్రం చెప్పు' అనకండి. పక్కన కూర్చోండి. చేతనైతే వాళ్ల వంతు గుప్పెడు మీరు తియ్యండి, మా అత్తమ్మలాగా.

అత్తమ్మ ఇప్పుడు లేదు. డాల్డా డబ్బా అడుగు తుప్పు పడితే స్టీలు డబ్బా పెట్టాను. ఎసరు మరుగుతుంటే చెయ్యి దానంతటదే బియ్యంలోకి వెళుతుంది. కొన్నాళ్లు మనసు కూడా తోడొస్తుంది, కొన్నాళ్లు రాదు. రాని రోజు కూడా డబ్బాలో గుప్పెడు పడుతూనే ఉంది.