బొగ్గు కడిగే పొడితో రక్తనాళాల ఫొటో

మా బాపు సింగరేణిలో బాయి పని చేసి దిగిపోయిండు. చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. పోయిన ఎండాకాలం నుంచి వంద అడుగులు వేస్తే చాలు, పిక్క పట్టేసేది. కాసేపు నిలబడితే తగ్గేది. కాలి ధమనుల్లో ఎక్కడో రక్తం ఆగుతున్నట్టుంది అన్నారు డాక్టరు గారు. సీటీ యాంజియో తీస్తే తెలుస్తుంది, కానీ క్రియాటినిన్ ఎక్కువగా ఉంది కాబట్టి ఆ ‘డై’ కిడ్నీలకు భారం కావచ్చని ఆలోచనలో పడ్డారు.

"డై అంటే ఏంది బిడ్డా? నరాలల్ల రంగు పోస్తరా?" అని అడిగిండు బాపు. మైనింగ్ మూడో సంవత్సరం చదువుతున్న నాకు కూడా జవాబు తెలియదు. సెంటినరీ కాలనీలో మా హాస్టల్‌కి తిరిగొచ్చాక చదివి తెలుసుకున్నది మీకూ చెప్తున్నాను.

అది రంగు కాదు. ఎక్స్‌రేకి రక్తమూ కండా దాదాపు ఒకేలా కనిపిస్తాయి. రక్తంలో అయోడిన్ మందు కలిపితే అది ఎక్స్‌రేలను ఆపుతుంది, నాళం తెల్లగా తేలుతుంది. ఎంఆర్‌ఐలో అయితే గడోలినియం వాడతారు. ఈ రెండూ ఎక్కువగా కిడ్నీల ద్వారానే బయటికి పోవాలి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లలో పాతరకం గడోలినియం మందుల వల్ల చర్మం గట్టిపడిపోయే జబ్బు వస్తోందని 2006లో బయటపడింది. కొత్తరకాల్లో ఆ ప్రమాదం చాలా తక్కువ. అయినా కిడ్నీ రోగుల కోసం వేరే దారి వెతకడం ఆగలేదు. ఆ దారుల్లో ఒకటి ఇనుము.

మ్యాగ్నటైట్ పేరు మైనింగ్ వాళ్లకు కొత్త కాదు. కోల్ వాషరీలో దాని పొడిని నీళ్లలో కలిపి చిక్కని ద్రవం చేస్తారు. అందులో బొగ్గు తేలుతుంది, రాయి మునుగుతుంది. తర్వాత అయస్కాంతపు డ్రమ్ముతో పొడిని తిరిగి పట్టుకుంటారు. ఇక్కడ ఒక చిక్కుంది. డ్రమ్ము దాటాక కూడా రేణువుల్లో అయస్కాంత గుణం మిగిలి, ఒకదానికొకటి అంటుకుని గడ్డలు కడతాయి. అందుకే డీమ్యాగ్నటైజింగ్ కాయిల్ గుండా పంపుతారు.

అదే పొడి రక్తంలో గడ్డ కడితే? ప్రాణం మీదికొస్తుంది.

దీనికి జవాబు సైజులోనే ఉంది. వాషరీ పొడి మైక్రాన్లలో ఉంటుంది. దాన్ని ఇరవై నానోమీటర్ల లోపుకి తెస్తే స్వభావమే మారిపోతుంది. బయట అయస్కాంతం ఉన్నంతసేపే అదీ అయస్కాంతం, తీసేయగానే మామూలే. కాయిల్ అవసరమే లేదు. దీన్నే సూపర్ పారామాగ్నెటిజం అంటారు. దానికి తోడు రేణువు చుట్టూ చక్కెర జాతి పదార్థంతో పూత వేస్తారు, ఒకదానికొకటి అతుక్కోకుండా.

ఎంఆర్‌ఐ చూసేది మన ఒంట్లోని నీటిలో ఉన్న హైడ్రోజన్‌ని. రేడియో తరంగంతో దాన్ని కదిలించి, ఎంత తొందరగా సర్దుకుంటుందో కొలుస్తుంది. పక్కన ఇనుప రేణువు ఉంటే ఆ సర్దుబాటు వేగం పెరుగుతుంది. రేణువు సైజును, మోతాదును, స్కాన్ తీసే పద్ధతిని బట్టి ఆ చోటు నల్లగా గానీ తెల్లగా గానీ పడుతుంది. నాళాలకైతే తెల్లగా పడేట్టు చూసుకుంటారు.

మరి బయటికెలా పోతుంది? కిడ్నీ జల్లెడ సుమారు ఆరు నానోమీటర్లకు మించినవాటిని వదలదు. పూతతో కలిపి ముప్పై దాకా ఉండే రేణువు రక్తంలోనే తిరుగుతుంది. చివరికి కాలేయం, ప్లీహంలోని కణాలు దాన్ని మింగి, ఆ ఇనుమును ఒంటి నిల్వలో కలిపేస్తాయి. ఫెరుమాక్సిటాల్ అనే మందు ఇలాంటిదే. 2009లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది కిడ్నీ రోగుల రక్తహీనతకే. సగం మందు తగ్గడానికి పదిహేను గంటల దాకా పడుతుంది కాబట్టి, నాళాల ఫొటోలు నింపాదిగా తీయొచ్చని రేడియాలజిస్టులు దాన్ని అటు కూడా వాడారు.

అలాగని ఇది సంజీవని కాదు. కొందరిలో ప్రాణాంతకమైన అలర్జీ వచ్చినందువల్ల 2015లో ఆ మందు మీద గట్టి హెచ్చరిక పెట్టారు. పలచన చేసి, కనీసం పదిహేను నిమిషాలు నెమ్మదిగా ఎక్కిస్తూ, బీపీ చూస్తూ ఉండాలి. ఒంట్లో ఇప్పటికే ఇనుము ఎక్కువున్నవాళ్లకు పనికిరాదు.

బాపుకి ఏ మందూ ఎక్కించలేదు. డాక్టరు గారు ముందు కలర్ డాప్లర్ తీయించారు. అది శబ్ద తరంగాలతో చూసేది, సూదే లేదు. తొడ దగ్గర ధమని సన్నబడిందని తేలింది. ఇప్పటికి మందులు, రోజూ నడక. నొప్పి లేస్తే ఆగి, తగ్గాక మళ్లీ నడవాలి. ముందుముందు ఆపరేషన్ దాకా వస్తే ఇంకా వివరమైన ఫొటో కావాల్సి రావచ్చు. అప్పుడు మళ్లీ ఈ డై ప్రశ్నే.

ఇదంతా ఫోన్లో చెప్తే బాపు ఓపిగ్గా విన్నడు. "అంటే వాషరీల గడ్డ కట్టేది, సన్నగ చేస్తే కట్టదన్నట్టు" అన్నడు. నేను రెండు వారాలు చదివింది అదే.