ఆ రాళ్లను మోసింది ఎవరు?

ఇంగ్లండులోని స్టోన్‌హెంజ్ పేరు మీరు వినే వుంటారు. సాలిస్‌బరీ మైదానంలోని ఈ రాతి కట్టడం నిర్మాణం సుమారు 5,000 సంవత్సరాల క్రితం మొదలైంది. అందులోని నీలిరాళ్లు ఒక్కొక్కటీ రెండు మూడు టన్నులుంటాయి. అవి వేల్స్‌లోని ప్రెసెలీ కొండలవని 1923లో హెచ్. హెచ్. థామస్ అనే భూవిజ్ఞాని చూపాడు. అంటే 200 కిలోమీటర్లకు పైగా దూరం!

మరి వాటిని మోసిందెవరు? మంచే మోసిందని కొందరు శాస్త్రజ్ఞులన్నారు. హిమయుగంలో మంచు పలకలు మెల్లగా జరుగుతూ దారిలోని బండలను పెకలించి తీసుకుపోయేవి. కరిగిన చోట వదిలేసేవి. ఇంగ్లండు తూర్పు తీరంలో నార్వే రాళ్లు దొరకడానికి కారణం ఇదే.

అయితే, మంచు రాళ్లను ఏరుకోదు. పెద్ద బండలతోపాటు గులకరాళ్లనూ మట్టినీ కలిపి లాక్కొస్తుంది. సుమారు 4,50,000 సంవత్సరాల క్రితం నేటి లండన్ ఉత్తర భాగం దాకా వచ్చిన మంచు అటువంటి రాళ్లమట్టినే అక్కడ వదిలింది. సాలిస్‌బరీ మైదానంలో మాత్రం అది కనిపించదు.

2024లో మరో వింత తేలింది. స్టోన్‌హెంజ్‌లోని ఆరు టన్నుల 'బలిపీఠపు రాయి' ఈశాన్య స్కాట్లండుది! అది 700 కిలోమీటర్లకు పైగా దూరం. అక్కడి మంచు ఇంతదూరం వచ్చిన జాడే లేదు. కనుక మోసింది మనుషులేనని ఎక్కువమంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఎలా మోశారన్నది ఇంకా తేలవలసే వుంది.