మూడడుగుల యుద్ధనౌక

నెల్లిమర్ల పేరు చెప్పగానే ఎవరికైనా జనపనార మిల్లు గుర్తుకు వస్తుంది. దగ్గరనే ఉన్న రామతీర్థం గుర్తుకు వస్తుంది. యుద్ధనౌక మాత్రం గుర్తుకు రాదు. కాని ఊరిని ఒరుసుకొని పారే చంపావతి ఏరు కోనాడ దగ్గర సముద్రంలోనే కలుస్తున్నది. అక్కడినుండి ఒడ్డు పట్టుకొని దక్షిణంగా నడిస్తే భీమునిపట్నం, దానిని దాటితే విశాఖపట్నం. ఆ విశాఖ ఎదుట, 1804 సెప్టెంబరు 15వ తేదీన, తెరచాపల యుద్ధనౌకలు ఒకదానినొకటి ఫిరంగులతో కొట్టుకొన్నాయంటే మన పిల్లలలో ఎంతమంది నమ్ముతారు?

ఆనాటికి విశాఖకు ఓడలు లోపలికి వచ్చే రేవు లేదు. అది 1933లో గాని తెరవలేదు. ఓడలు దూరాన నీళ్ళలో లంగరు వేసుకొని నిలిచేవి. ఆ రోజున ‘సెంచూరియన్’ అనే 50 ఫిరంగుల ఇంగ్లీషు నౌక, ‘ప్రిన్సెస్ షార్లెట్’, ‘బార్నబీ’ అనే రెండు వర్తకపు ఓడలకు కాపలాగా ఉన్నది. ఇంతలో ఫ్రెంచి సేనాని లిన్వా మూడు నౌకలతో వచ్చిపడ్డాడు. వాటిలో పెద్దది ‘మారెంగో’. దానికి 74 ఫిరంగులు. సెంచూరియన్ కెప్టెన్ జేమ్స్ లిండ్ అప్పుడు ఒడ్డున ఉన్నాడు. ఓడలో ఉన్న లెఫ్టినెంటు ఫిలిప్స్ పోరాటం మొదలుపెట్టాడు. లిండ్ పడవ ఎక్కి మధ్యలో చేరుకొన్నాడు. బార్నబీ ఒడ్డుకు కొట్టుకొనిపోయి అలలలో బద్దలయింది. ప్రిన్సెస్ షార్లెట్ శత్రువుకు చిక్కింది. ఒళ్ళంతా తూట్లు పడినా సెంచూరియన్ మాత్రం లొంగలేదు.

ఇటువంటి నౌకలను కొలత తప్పకుండా కర్రతో తిరిగి చేయడం ఒక విద్య. ప్రపంచంలో అనేక దేశాలలో ఓపిక గలవారు దీనికి ఏళ్ళ తరబడి సాయంకాలాలు ధారపోస్తారు. బజారులో అమ్మే అలంకారపు ఓడ వేరు, ఇది వేరు. ఆ ఓడకు నాలుగు తెరచాపలు, వరసగా కొన్ని ఫిరంగులు ఉంటే చాలును. ఇక్కడ ప్రతి తాడుకూ ఒక పేరు, ప్రతి కన్నానికీ ఒక కారణం ఉండాలి.

మొదటిది కొలత. ఈ పనిలో ఎక్కువగా వాడే లెక్క అడుగుకు పావు అంగుళం. అంటే అసలులో నలభై ఎనిమిదో వంతు. సెంచూరియన్ ఫిరంగుల అంతస్తు పొడవు సుమారు 146 అడుగులు. ఈ లెక్కన అది మూడు అడుగులకు దిగుతుంది. వామనుడి మూడడుగులలో లోకాలన్నీ ఇమిడినట్లు, ఈ మూడడుగులలో వందలమంది నివసించిన ఒక ఊరు ఇమడాలి. అయిదున్నర అడుగుల మనిషి అంగుళంన్నర కూడా ఉండడు. నాలుగు అంగుళాల మందం గల పలక అంగుళంలో పన్నెండో వంతు అవుతుంది. అక్కడ వెంట్రుకవాసి తేడా వస్తే అసలు ఓడలో దానికి నలభై ఎనిమిది రెట్ల తేడా వచ్చినట్లే!

రెండవది పటం. బ్రిటిషు నౌకాదళం తన ఓడల పటాలను భద్రంగా దాచింది. లండను దగ్గర గ్రీనిచ్‌లోని జాతీయ నౌకా మ్యూజియంలో అవి వేల సంఖ్యలో ఉన్నాయి. ప్రతి ఓడకూ మూడు చూపులు గీస్తారు: పక్కనుంచి ఒకటి, పైనుంచి ఒకటి, అడ్డంగా కోసినట్లు ఒకటి. మూడవది తెలియాలంటే వంటింటిలోకి వెళ్ళండి. సొరకాయను చక్రాలుగా తరిగి, ఒక్కొక్క చక్రాన్ని కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీయండి. ఆ గీతలు చూచి కాయ ఆకారం చెప్పవచ్చు గదా! ఓడ పక్కటెముకలను అలాగే కత్తిరించి, అడుగున వెన్నెముకవంటి దూలం మీద నిలబెడతారు. వేడినీటిలో నానబెట్టి వంచిన సన్నని పలకలు వాటిపైన తాపుతారు. విశాఖలో 1948 మార్చి 14న నెహ్రూగారు నీటిలోకి విడిచిన ‘జల ఉష’ ఉక్కు ఓడ. అయినా దాని పుట్టుకకూ ఇటువంటి గీతలే ఆధారం.

మూడవది కర్ర. అసలు ఓడకు టేకు మహారాజు. 1817లో బొంబాయిలో వాడియాలు మలబారు టేకుతో కట్టిన ‘ట్రింకోమలీ’ ఇంగ్లండులో నేటికీ నీటి మీద తేలుతున్నది. కాని చిన్న నమూనాకు టేకు పనికిరాదు. దాని ఈనెలు అంత చిన్న పలక మీద నాగటిచాళ్ళలా కనిపిస్తాయి. నునుపైన, సన్నని ఈనె గల కర్ర కావాలి. దానికి మనం దేశాలు తిరగనక్కరలేదు. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర ఉన్నది. చిన్న ఫిరంగి గొట్టాలను తరిమెన మీద ఒకే తీరుగా పట్టి, నల్ల లక్క పూయడం ఆ పనివారికి తెలియని విద్య కాదు.

ఇక తాళ్ళు. నెల్లిమర్లవారు, “నార మాకు కొత్తా?” అనవచ్చు. అసలు ఓడ మోకులకు నారే వాడేవారు. కాని గోగునార, జనపనార ఎంత సన్నగా పేనినా నూగు లేస్తుంది. చిన్న ఓడ మీద ఆ నూగు ముళ్ళకంపలా కనబడుతుంది. అందుచేత నూలుదారానికి తేనెమైనం రాచి, మూడు పోగులు కలిపి పేనుకోవాలి. తెరచాప కంబాలను నిలబెట్టే తాళ్ళు నల్లన, ఎందుకంటే వాటికి తారు పూసేవారు. తెరచాపలను ఎత్తి దించే తాళ్ళు గోధుమ వన్నె.

అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న వేరే ఉన్నది: ఏ సంవత్సరపు ఓడ? సెంచూరియన్ 1774లో నీటిలో దిగింది. కర్రను తొలిచే సముద్రపు పురుగునుండి కాపాడడానికి బ్రిటిషు నౌకాదళం తన ఓడల అడుగులకు రాగిరేకు తాపడం చేయించినది 1780 ప్రాంతంలో. కనుక పుట్టిననాటి ఓడకు రాగి వేస్తే తప్పు. విశాఖలో పోరాడిన ఓడకు వేయకపోతే తప్పు. పసుపు చారల మధ్య నల్లని ఫిరంగి తలుపుల రంగు చూడముచ్చటగా ఉంటుంది. అది సర్వసాధారణమైనది 1805నాటి ట్రఫాల్గర్ యుద్ధం తరువాత. ముచ్చట కోసం చరిత్రను ముందుకు జరపకూడదు.

ఇంతవరకు వచ్చాక మనకు ఒక సంగతి తట్టకపోదు. ఇంగ్లండులో పుట్టిన సెంచూరియన్‌వంటి నౌకను నెల్లిమర్లలో కూర్చొని కొలత తప్పకుండా చేయవచ్చు. మరి అదే రోజున, అదే నీళ్ళ మీద తిరిగిన మన పడవల మాట ఏమిటి? లంగరు వేసిన ఓడలకూ ఒడ్డుకూ మధ్య సరుకులు మోసినవి మసూలా పడవలు. వాటికి ఇనుపమేకు లేదు, పక్కటెముక లేదు. పలకలను కొబ్బరిపీచు తాడుతో కుట్టేవారు. అల వచ్చి కొడితే గట్టి ఓడ పగిలేది. ఈ పడవ కాస్త ఒళ్ళు వంచి నిలిచేది. అంత తెలివి గల పనికి పటం లేదు. కట్టినవారి జాన, మూర, కంటిచూపులే కొలతలు. ఆ చేతులతోనే ఆ లెక్కలూ వెళ్ళిపోయాయి.

నాలుగు దుంగలు చెక్కి కట్టిన తెప్పలదీ అదే దారి. ఫైబరు పడవలు వచ్చాక ఒడ్డున తెప్ప కనిపించడమే అరుదైపోయింది. ఇంటిలో పదేళ్ళు దాటిన పిల్లలుంటే, కొలతబద్ద, గళ్ళ పుస్తకం చేతికిచ్చి కోనాడకో, భీమునిపట్నానికో తీసుకొని వెళ్ళండి. పాత తెప్ప కనబడితే మత్స్యకారుల అనుమతితో కొలిపించండి: పక్కనుంచి, పైనుంచి, అడ్డంగా. ఏ దుంగకు ఏ పేరో, ఏ కట్టు ఎందుకో ఆ పెద్దలనే అడిగి రాయించండి. సెంచూరియన్‌ను పై ఏడు మొదలుపెట్టినా మునిగిపోయేది లేదు. తెప్ప మాత్రం పొయ్యిలో కట్టె కాకముందే కాగితం మీదికి ఎక్కాలి.