డయాఫ్రమ్ కార్బురేటరు

డయాఫ్రమ్ కార్బురేటరు అనునది చేతితో పట్టుకొని నడిపే చిన్న ఇంజన్లలో పెట్రోలును గాలితో తగిన పాళ్ళలో కలిపే పరికరం. రాలిన ఆకులను గాలితో ఊదే లీఫ్ బ్లోయరు, చెట్లు కోసే చైన్ సా, బ్రష్ కట్టరు మొదలైన యంత్రాలలో దీనిని వాడతారు. అమెరికాలో ఇంటింటా కనిపించే లీఫ్ బ్లోయరు ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలలో అంతగా కనిపించదు. అయితే పొలం గట్లపై గడ్డి కోసే బ్రష్ కట్టర్లలోనూ సాధారణంగా ఈ జాతి కార్బురేటరే ఉంటుంది కనుక కింది విషయాలు చాలావరకు దానికీ వర్తిస్తాయి.

పనిచేయు విధానం

సాధారణ కార్బురేటరులో ఒక ఫ్లోటు తేలుతూ పెట్రోలు మట్టాన్ని అదుపు చేస్తుంది. యంత్రాన్ని వంచినా, తలకిందులు చేసినా ఆ పద్ధతి పనికిరాదు. అందువలన ఇందులో ఫ్లోటుకు బదులుగా రెండు పలుచని పొరలుంటాయి. టూ స్ట్రోక్ ఇంజనులో పిస్టను కదలిక వలన క్రాంక్ కేసులో పీడనం క్షణక్షణం మారుతుంది. ఆ మార్పు ఒక సన్నని మార్గం గుండా వచ్చి మొదటి పొరను కదిలించగా, అది పంపు వలె ట్యాంకు నుండి పెట్రోలును లాగుతుంది. రెండవ పొర ఒక చిన్న మీటను నొక్కి సూది కవాటాన్ని తెరుస్తూ, ఇంజనుకు కావలసినంత పెట్రోలును మాత్రమే లోపలికి విడుస్తుంది.

చెడిపోవుటకు కారణాలు

నెలల తరబడి ట్యాంకులో నిలువ ఉన్న పెట్రోలే ముఖ్య కారణం. అది ఆవిరై జిగురుగా మారి, వెంట్రుక వంటి సన్నని దారులను మూసివేస్తుంది. పెట్రోలులో కలిపే ఇథనాలు తేమను పీల్చుకొంటుంది, కాలక్రమేణా పొరలను బిరుసెక్కిస్తుంది. చాలామంది తయారీదారులు 10 శాతానికి మించి ఇథనాలు వద్దని చెబుతారు. భారతదేశంలో 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు 2025 నాటికి విస్తృతంగా అమ్మకానికి వచ్చినందున ఈ హెచ్చరికను ఇక్కడివారు కూడా గమనించాలి.

ఇంజను చోక్ వేసినప్పుడు మాత్రమే నడవడం, యాక్సిలరేటరు నొక్కగానే ఆగిపోవడం పెట్రోలు చాలకపోవడానికి గుర్తులు. పెట్రోలు కారుతూ ప్లగ్గు తడిసిపోతే సూది కవాటం సరిగా మూసుకోవడం లేదని అనుమానించాలి. అయితే నేరమంతా కార్బురేటరుపై మోపే ముందు గాలి ఫిల్టరు, స్పార్క్ ప్లగ్గు, ట్యాంకులోని పెట్రోలు ఫిల్టరు, రబ్బరు గొట్టాలు, సైలెన్సరులోని మసి జాలీ చూడటం మంచిది. చాలాసార్లు లోపం అక్కడే దొరుకుతుంది.

మరమ్మత్తు

ఇంజను చల్లారిన తరువాత ప్లగ్గు వైరు తీసి, ట్యాంకు ఖాళీ చేయాలి. గొట్టాలు ఏది ఎక్కడ ఉన్నదో ఫోటో తీసుకొని కార్బురేటరును విప్పాలి. పంపు వైపు మూత కింద చిన్న జాలీ ఉంటుంది, దానిని శుభ్రం చేయాలి. మరమ్మత్తు కిట్టులో కొత్త పొరలు, గాస్కెట్లు దొరుకుతాయి. వీటిని పాతవి ఉన్న వరుసలోనే అమర్చాలి. ఈ వరుస తారుమారైతే ఎంత శుభ్రపరచినా ఇంజను సరిగా నడవదు. రంధ్రాలలో తీగ గుచ్చరాదు. వాటి కొలత ఏమాత్రం పెరిగినా మిశ్రమం పాళ్ళు మారిపోతాయి. కార్బురేటరు క్లీనరు చల్లితే చాలు.

సర్దుబాటు

ఎల్ స్క్రూ తక్కువ వేగానికి, హెచ్ స్క్రూ ఎక్కువ వేగానికి సంబంధించినవి. హెచ్ స్క్రూను అతిగా బిగిస్తే ఇంజను చురుకుగా తిరుగుతున్నట్లు అనిపిస్తుంది గాని, ప్రమాదం అందులోనే ఉన్నది. టూ స్ట్రోక్ ఇంజనుకు కందెన నూనె పెట్రోలుతోనే అందుతుంది. పెట్రోలు తగ్గితే నూనె కూడా తగ్గి, వేడెక్కి, పిస్టను సిలిండరుకు పట్టేస్తుంది. అప్పుడు కొద్దిపాటి ఖర్చుతో పోవలసిన మరమ్మత్తు ఇంజను మార్పిడికి దారితీస్తుంది. మిశ్రమం 50:1 అని తయారీదారు సూచిస్తే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల నూనె కలపాలి.

మార్చవలసిన సందర్భం

లోహం తుప్పు పట్టినా, స్క్రూ మరలు అరిగిపోయినా, కిట్టు వేసిన తరువాత కూడా లోపం పోకపోయినా కొత్తది వేయడమే మేలు. వాల్‌బ్రో, జామా వంటి కంపెనీల కార్బురేటర్లపై నమూనా సంఖ్య చెక్కి ఉంటుంది, దాని ప్రకారమే కొనాలి. చూడటానికి ఒకేలా ఉన్నవాటిలో లోపలి కొలతలు వేరుగా ఉండవచ్చు. కొత్తది బిగించేటప్పుడు ఇంజనుకు, కార్బురేటరుకు మధ్య గాస్కెట్టు కూడా మార్చాలి. అక్కడ గాలి చొరబడితే పైన చెప్పిన వేడి సమస్యే తిరిగి వస్తుంది.