ఊహాజట్టు

క్రీడలు మానవుని రెండు విధాలుగా అలరిస్తాయి. ఆడేవానికి దేహదారుఢ్యాన్ని, చూసేవానికి ఉల్లాసాన్ని కలిగిస్తాయి. ఈ రెండింటికి నడుమ మూడవ విధమొకటి గత అరవై ఏళ్ళలో రూపుదిద్దుకొన్నది. ఇందులో పాల్గొనేవాడు మైదానంలోకి దిగడు; కేవలం ప్రేక్షకుడుగానూ ఉండిపోడు. నిజమైన క్రీడాకారులలో నుండి కొందరిని ఎన్నుకొని తనదైన జట్టును కూర్చుకొంటాడు. వారు మైదానంలో చూపిన ప్రతిభను బట్టి అతనికి పాయింట్లు లభిస్తాయి. దీనినే ఫాంటసీ క్రీడ అంటారు. తెలుగులో ఊహాజట్టు ఆట అనవచ్చు.

విజయవాడలో చెన్నై - కోల్‌కతా రహదారి, హైదరాబాదు - మచిలీపట్నం రహదారి కలిసే కూడలి బెంజ్ సర్కిల్. ఆ పరిసరాలలోని కళాశాలలలో చదువుకోవడానికి కృష్ణా డెల్టా పల్లెల నుండి విద్యార్థులు వచ్చి వసతి గృహాలలో ఉంటారు. క్రికెట్‌తో పాటు ఇంగ్లండు ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ పోటీలను ఆసక్తితో చూసే యువకులకు ఈ ఆట సులభంగానే పరిచయమవుతుంది. అయితే దాని నియమాన్ని, ప్రయోజనాన్ని, ప్రమాదాన్ని తెలిసి ఆడటం వేరు. తెలియక ఆడటం వేరు.

ఈ ఆటకు బీజం పడింది అమెరికాలో. 1962లో ఓక్లాండ్ రైడర్స్ జట్టు భాగస్వాములలో ఒకడైన బిల్ వింకెన్‌బాక్, న్యూయార్క్‌లోని ఒక హోటలులో మిత్రులతో కూర్చొని దీని తొలి నియమాలను రూపొందించాడు. మరుసటి ఏడు ఎనిమిది ఊహాజట్లతో పోటీ మొదలయింది. అది అమెరికన్ ఫుట్‌బాల్‌కు సంబంధించినది. అక్కడ స్థిరపడిన తెలుగువారికి నేటికీ ‘ఫాంటసీ ఫుట్‌బాల్’ అంటే అదే. మనం ఫుట్‌బాల్ అని పిలిచే ఆటకు సంబంధించి ప్రసిద్ధమైనది ఫాంటసీ ప్రీమియర్ లీగ్. ఇది 2002లో ఇంగ్లండులో ప్రారంభమయింది. ఇందులో చేరడానికి రుసుము లేదు.

ఇందులో ప్రతివానికీ పది కోట్ల పౌండ్ల ఊహాధనం ఇస్తారు. దానితో పదిహేను మందిని కొనుక్కోవాలి: ఇద్దరు గోల్‌కీపర్లు, ఐదుగురు డిఫెండర్లు, ఐదుగురు మిడ్‌ఫీల్డర్లు, ముగ్గురు ఫార్వర్డులు. ఒకే క్లబ్బు నుండి ముగ్గురికి మించి తీసుకోరాదు. ప్రతి వారం వీరిలో పదకొండు మందిని ఆడించి, నలుగురిని ప్రత్యామ్నాయంగా ఉంచాలి. ఒకనిని కెప్టెన్‌గా నిర్ణయిస్తే అతని పాయింట్లు రెట్టింపవుతాయి.

పది కోట్లను పదిహేను మందికి పంచితే తలకు సుమారు 66 లక్షలు వస్తుంది. అగ్రశ్రేణి ఆటగాని వెల కోటీ నలభై లక్షలు కూడా ఉండవచ్చు. అటువంటి వానిని కొన్నప్పుడు మరొకచోట నలభై, నలభై ఐదు లక్షలకు దొరికే వారితో సరిపెట్టుకోక తప్పదు. నెలకు వచ్చే నిర్ణీత ఆదాయంతో ఇల్లు నడిపే గృహిణి చేసే ఆలోచనే ఇక్కడా అవసరం. కోరికలు అనేకం, ధనం పరిమితం. ఆటలోని రుచి ఈ పరిమితిలోనే ఉన్నది.

ఇక పాయింట్ల విధానం. అరవై నిమిషాలైనా ఆడినవానికి రెండు పాయింట్లు. ఫార్వర్డు గోల్ చేస్తే నాలుగు, మిడ్‌ఫీల్డర్ చేస్తే ఐదు, డిఫెండర్ చేస్తే ఆరు. గోల్‌కు తోడ్పడిన వానికి మూడు. ప్రత్యర్థికి ఒక్క గోల్ కూడా ఇవ్వని జట్టులోని డిఫెండరుకు, గోల్‌కీపరుకు నాలుగు. పసుపు కార్డుకు ఒకటి, ఎరుపు కార్డుకు మూడు తగ్గుతాయి. అంటే ఆట ముగిసేదాకా నిలిచి ఒక గోల్ చేసిన ఫార్వర్డుకు వచ్చేవి ఆరు. తన జట్టు గోల్ ఇవ్వకుండా, తానూ ఒక గోల్ చేసిన డిఫెండరుకు వచ్చేవి పన్నెండు. అరుదైన దానికి విలువ ఎక్కువ అన్నది ఇందలి సూత్రం.

ఈ సూత్రాన్ని మన క్రీడాచరిత్రతో సమన్వయించి చూడవచ్చు. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం ఉపాధ్యాయ వృత్తి నుండి వచ్చి భారత ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకుడైనాడు. 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలలో ఆయన తీర్చిదిద్దిన జట్టు దక్షిణ కొరియాను 2-1 తేడాతో ఓడించి స్వర్ణ పతకం గెలుచుకొన్నది. సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ జట్టు సభ్యుడే. తలకు గాయమైన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ఫైనల్లో ముందువరుసలో ఆడించాడు. అతడు గోల్ చేశాడు. నేటి ఊహాజట్టు పట్టికలో డిఫెండరుగా నమోదై ముందువరుసలో ఆడేవాడు దొరకడమంటే పెన్నిధి దొరికినట్లే. అతని గోల్‌కు నాలుగు కాదు, ఆరు పాయింట్లు. ఎవరు ఏ స్థానంలో ఆడుతున్నారో గమనించేవానికే ఇటువంటి లాభం చేకూరుతుంది.

నూతనంగా ప్రారంభించేవారు గుర్తుంచుకోవలసినవి మరికొన్ని ఉన్నాయి. ఆగస్టు నుండి మే వరకు 38 వారాల ఆట ఇది. మొదటి వారపు ఫలితాన్ని చూసి జట్టునంతా మార్చరాదు. వారానికి ఒక మార్పు ఉచితం. అంతకు మించిన ప్రతి మార్పుకు నాలుగు పాయింట్లు కోత. అది ఒక ఫార్వర్డు చేసే గోల్‌తో సమానం. కొత్తగా వచ్చినవాడు ఆ నాలుగింటినీ తిరిగి తేగలడా అన్నది ముందే ఆలోచించాలి. ఆ వారంలోని తొలి పోటీకి 90 నిమిషాల ముందే గడువు ముగుస్తుంది. ఇంగ్లండులో శనివారం మధ్యాహ్నం 12:30కు తొలి పోటీ ఉంటే, మన గడియారం ప్రకారం వేసవిలో 3:30కు, శీతకాలంలో 4:30కు తలుపు మూసినట్లే. గాయపడినవారి వివరాలను అంతకు ముందే చూసుకోవాలి.

లెక్కకు గల విలువను మన ప్రాచీనులు బాగుగా ఎరుగుదురు. భారతంలోని ఆరణ్యపర్వంలో, జూదంలో సర్వం కోల్పోయిన ధర్మరాజుకు బృహదశ్వుడు నలుని కథ చెబుతాడు. నలుడు బాహుకుడనే పేరుతో ఋతుపర్ణ మహారాజు రథం తోలుతుండగా, దారిలోని తాండ్రచెట్టుకు ఎన్ని ఆకులు, ఎన్ని కాయలు ఉన్నవో ఆ రాజు చూచినంతనే చెప్పాడు. నలుడు రథం దిగి లెక్కించాడు. రాజు చెప్పినది సరిపోయింది. తన అశ్వహృదయ విద్యకు బదులుగా నలుడు అతని వద్ద అక్షహృదయ విద్యను గ్రహించాడు. అంచనా వేయడం, దానిని లెక్కించి సరిచూసుకోవడం - ఈ రెండూ కలిస్తేనే విద్య. ఊహాజట్టు నేర్పగలిగినదీ ఇదే.

అయితే విద్య ఉన్నంత మాత్రాన పందెం మంచిదైపోదు. భారతదేశంలో 2008లో ఏర్పడిన డ్రీమ్ 11 వంటి సంస్థలు డబ్బు కట్టి ఆడే పోటీలను వ్యాపింపజేశాయి. అవి నైపుణ్య క్రీడలే అని 2017లో పంజాబ్ - హర్యానా హైకోర్టు భావించింది. అదే ఏడు తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ తమ తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం, నైపుణ్యమైనా అదృష్టమైనా సరే, డబ్బుతో ఆడించే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. నిర్వాహకులకు మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. దరిమిలా డ్రీమ్ 11 డబ్బు పోటీలను నిలిపివేసింది.

దీనిలోని ఆంతర్యాన్ని చిన్న లెక్కతో గ్రహించవచ్చు. నూరుగురు విద్యార్థులు తలకు 50 రూపాయలు కట్టారనుకొందాం. మొత్తం 5,000. నిర్వాహకుడు రుసుముగా 750 తీసుకొంటే మిగిలేది 4,250. ఆ నూరుగురూ ఎంతటి నిపుణులైనా, అందరూ కలిసి 750 రూపాయలు పోగొట్టుకొన్నట్లే. మిగిలినదీ అగ్రస్థానంలోని కొద్దిమందికే చేరుతుంది. పోయిన 50ని రాబట్టుకోవాలనే తపనతో మరుసటి వారం 100 కట్టేవాడు ఆటను వదలి జూదంలో ప్రవేశించినట్లే. ఆ సొమ్ము తల్లిదండ్రులు భోజనానికి, పుస్తకాలకు పంపినదైతే ఓటమి వాని ఒక్కనిది కాదు.

పందెం లేని ఊహాజట్టులో పోయేవి పాయింట్లు మాత్రమే, మిగిలేది పరిశీలనాశక్తి. నలుగురు మిత్రులు ఒక లీగ్‌గా ఏర్పడి, ప్రతి వారం తమ ఎంపికకు కారణాన్ని ఒక నోటుపుస్తకంలో వ్రాసుకొని, పోటీలు ముగిశాక దానితో ఫలితాన్ని పోల్చి చూసుకొంటే గణితం, ఓర్పు, వివేకం మూడూ అలవడతాయి. తప్పిన అంచనా ఎందుకు తప్పిందో తెలుసుకొన్నవాడు మరుసటి వారం మెరుగైన జట్టును కూర్చగలడు.